ఎద్దురాజు పిల్లనగ్రోవి

మనిషికి పరువు పోవడానికి తాగుడు చాలు, జూదం చాలు, నోరున్న బావమరిది ఒక్కడున్నా చాలు. నాకు ఆ మూడూ లేకుండానే పోయింది. ఎద్దు వల్ల పోయింది. అదీ పొడిచే ఎద్దు కాదు, బొమ్మలో ఎద్దు. పోయిన చోటు అరవదేశం కోవిల్‌పట్టిలో మా ఇంటి తిన్నె. చూసినవాళ్ళలో ముందు కూర్చున్నది పిల్లనిచ్చిన మామగారు. ఇంతకంటే ఘోరం మీ ఇంట్లో జరిగి ఉంటే లేచి వెళ్ళిపోవచ్చు. లేదంటే కాసేపు కూర్చోండి.

అప్పుడు నాకు ముప్పై నిండలేదు. పత్తి మిల్లులో తూకం దగ్గర పని. భార్య అలమేలు, కూతురు రెంగమ్మ, దాని తమ్ముడు కొండడు. కొండడికి ఇంకా ముందుపళ్ళు రాలలేదు. మా వైపు తెలుగువాళ్ళ సంగతి మీకు తెలిసిందే: ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు మా నోట్లో ఉంది గానీ కళ్ళకు తెలియదు. నేను బళ్ళో చదివింది అరవం. తెలుగు అక్షరం ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టినా, ఎవరో అనుకుని పక్కకు తప్పుకునేవాణ్ణి.

మామగారిది విరుదునగర్‌లో మిరపకాయల వ్యాపారం. ఆ ఇంట్లో తుమ్మకుండా భోంచేసిన అల్లుడు లేడు. ఒక ఆదివారం విస్తరి ముందు ఆయన బాధపడ్డారు.

"ఇంట్లో మాట్లాడేది తెలుగు, సదివేది అరవం. మన పిలకాయలకి మన అక్షరం ఎట్లుంటాదో కూడా తెలీదు. నాకూ రాదు, మా నాయినకీ రాదు. మీకూ రాదేమో అల్లుడూ, పాపం!"

ఆ 'పాపం' ఒక్కటి అనకుండా ఉంటే ఈ కథే లేదు.

"రాకేం మామా! బాగా వచ్చును. ఇంట్లో పిలకాయలకి దినమూ సదివి వినిపిస్తా ఉండాను," అన్నాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరు మంచిదైనంత మాత్రాన లిపి వస్తుందని మాత్రం ఎవరూ అనలేదు. అలమేలు వంటింటి గుమ్మంలో నిలబడి నన్ను చూసిన చూపుకు నాకు మిరపకాయ లేకుండానే తుమ్ము వచ్చింది.

అన్న మాట నిలబెట్టుకోవాలి కదా! తిరిగి వస్తూ బజారులో పాత కాగితాలు అమ్మేవాడి దగ్గర ఆగాను. పొట్లాలకని చించబోతున్న కుప్పలో గుండ్రటి అక్షరాల పుస్తకం ఒకటి దొరికింది. లోపల బొమ్మలు. అన్నింట్లోనూ ఎద్దే. తెలుగువాళ్ళకు ఎద్దు కథంటే ఇంత ఇష్టమా అని ముచ్చటపడి కొన్నాను.

ఆ సాయంత్రమే తిన్నె మీద పిల్లల్ని కూర్చోబెట్టి పుస్తకం తెరిచాను. మొదటి బొమ్మలో ఎద్దు ఒంటి నిండా గీతలు, అంకెలు. "అనగనగా ఒక ఎద్దురాజు. ఒంటి నిండా నగలు," అని మొదలుపెట్టాను. రెండో బొమ్మలో ఒక మనిషి ఎద్దు నోట్లో వెదురు గొట్టం పెడుతున్నాడు. "రాజుకి పిల్లనగ్రోవి నేర్పే గురువు." మూడో బొమ్మలో ఎద్దు పొట్ట కుండలా ఉబ్బి పడుకుంది. "దొంగలు వస్తా ఉండారని రాజు కోటని, కోటలో ఉండే జనాన్ని మింగేసి కడుపులో దాచినాడు!" నాలుగో బొమ్మలో నలుగురు తాళ్ళతో ఎద్దును కట్టి పట్టుకున్నారు. "మంత్రులు నలుగురూ పూలమాల వేస్తా ఉండారు."

పిల్లలకు పిచ్చెక్కింది. నేను మిల్లు నుంచి వచ్చి చెప్పులు విడవకముందే పుస్తకం నా ఒళ్ళో పడేది. కొండడు దాన్ని పక్కలో పెట్టుకుని పడుకునేవాడు. బళ్ళో పుస్తకం చూస్తే కడుపునొప్పి తెచ్చుకునే రెంగమ్మ, ఈ పుస్తకం కోసం తమ్ముడి జుట్టు పట్టుకునేది. పిల్లలకు చదువంటే ప్రేమ పుట్టించిన మహానుభావుణ్ణని నేను లోలోపల మీసం దువ్వుకున్నాను.

చిక్కు ఎక్కడంటే, నిజం చదివేవాడికి కళ్ళుంటే చాలు. అబద్ధం చదివేవాడికి ఏనుగంత జ్ఞాపకం కావాలి.

"నాయినా, నిన్న మూడో మంత్రికి మీసం లేదంటివి!" అనేది రెంగమ్మ.

"రాత్రికి మొలిసింది, తల్లీ."

"పుస్తకంలోనా?"

అలమేలు ఇంకో వైపు నుంచి పట్టుకుంది. "ఇదో, ఆ ఒక్క పేజీలో అంత కత ఎట్ల పట్టె? అరవం పుస్తకంలో అంత పట్టదే?"

"తెలుగు అక్షరం చూడు, కుండ మాదిరి గుండ్రంగా ఉంటాది. లోపల శానా పడతాది," అన్నాను. ఇంతకంటే తెలివైన మాట నేను నా జన్మలో ఇంకోటి అనలేదు. అలమేలు నమ్మలేదు గానీ, నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళింది.

అల్లుడి పాండిత్యం గురించి మామగారు విరుదునగర్ అంతా చాటారు. చాటి ఊరుకోలేదు. అక్కడి రైలు స్టేషనుకు గుంటూరు నుంచి కొత్తగా బదిలీ మీద ఒక ఉద్యోగి వచ్చాడట. ఒక పండగ సెలవునాడు ఆయన్ను వెంటబెట్టుకుని రైలెక్కి మా ఇంటికి దిగారు.

"అల్లుడూ, ఈ సారు అచ్చ తెలుగాయన. మీరు పిలకాయలకి సదివేది ఈయన వినవలెనంట!"

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదినట్టు అంటారు. మేము గోదావరిని చూసింది లేదు. మా వైప్పారు ఏట్లో ఈదడానికి నీళ్ళుండవు. కాబట్టి మా వైపు మునగాలంటే సొంత తెలివితోనే మునగాలి. నేను మునిగాను.

"గొంతు కట్టింది మామా," అని రెండు దగ్గులు దగ్గాను.

"అయితే సారే సదవనీ," అన్నారు మామగారు. కొండడు పరుగున వెళ్ళి పుస్తకం తెచ్చి, ఆయనకు అందించి, నోరు తెరుచుకుని ఎదురుగా కూర్చున్నాడు.

గుంటూరాయన అట్ట చూశాడు. నన్ను చూశాడు. మళ్ళీ అట్ట చూశాడు. గొంతు సవరించుకుని చదివాడు. "ఎద్దునకు కడుపు ఉబ్బినయెడల వాము, ఇంగువ, నువ్వులనూనె కలిపి వెదురుగొట్టముతో నోట పోయవలెను. పేడ పడువరకు మెల్లగా నడిపించవలెను..."

ఆయన పేజీ తిప్పకముందే కొండడు భోరుమన్నాడు. "రాజు పేడ వెయ్యడు!"

రెంగమ్మ లేచి నిలబడి, ఎంతో జాలిగా మామగారితో చెప్పింది. "తాతా, ఈ సారుకి సదవను రాదు."

"అయ్యో, వచ్చమ్మా!" అన్నాడు పాపం ఆ ఉద్యోగి.

"రాదు. ఇట్ల ఇయ్యండి, నేను సదువుతా." పుస్తకం లాక్కుని, బొమ్మకు బొమ్మ తిప్పుతూ, ఎద్దురాజు నగల నుంచి మంత్రి మీసం దాకా ఒక్క మాట పోకుండా ఏకబిగిన చదివి ముగించింది. ముగించి ఆయనకు ధైర్యం చెప్పింది. "మీరు మా నాయిన దగ్గిర నేర్సుకోండి. మంచోడే, కొట్టడు."

మామగారు పిచ్చివారు కారు. మిరపకాయ రంగు చూసి ఏ చేనిదో చెప్పగల మనిషి. నా ముఖం రంగు చూశారు.

"అల్లుడూ, ఇది ఏం పుస్తకం?"

"ఎద్దు... కత మామా."

"సారూ, మీరు చెప్పండి."

ఆయన మంచివాడు. నన్ను కాపాడాలని చూశాడు. "మీ వైపు తెలుగు పాతది కదండీ, ఇక్కడ అక్షరాలు మరోలా పలుకుతారేమో..." అన్నాడు. అంతవరకు తలుపు వెనక ఉన్న అలమేలు ఇక ఆపుకోలేక ఫక్కున నవ్వింది. దాంతో నేను చేతులెత్తేశాను. రాదని, ఒక్క అక్షరం కూడా రాదని, 'పాపం' అన్నారని రోషం వచ్చిందని అంతా కక్కేశాను.

తిడతారనుకున్నాను. మామగారు పుస్తకం అందుకుని ఎద్దు బొమ్మలన్నీ తిప్పి చూశారు. తలెత్తేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి. నవ్వో ఏడుపో తెలియలేదు.

"రాని సదువుతోనే పిలకాయలకి ఇంత ఆశ పుట్టిస్తిరి. వస్తే ఇంకెట్లుంటాదో! సారూ, మా అల్లుడికి అక్షరం నేర్పించండి. నేనూ కూసుంటా."

అలా ఆదివారాలు విరుదునగర్‌లో మిరపకాయ బస్తాల మధ్య మామా అల్లుళ్ళం పలకలు పట్టుకుని తుమ్ముకుంటూ దిద్దాం. మా మధ్య రెంగమ్మ కూర్చుంది. మేము గుణింతాల్లో మునుగుతుండగా అది ఒత్తులు దాటి గట్టెక్కింది.

ఒక సాయంత్రం అది ఎద్దు పుస్తకం తెచ్చుకుని, వేలు పెట్టుకుని, సొంతంగా మొదటి నుంచీ చదివింది. వాము, ఇంగువ, పేడ అన్నీ చదివింది. నేను దాని వేలి వెంటే చూస్తున్నాను. తండ్రి చెప్పిన కథంతా అబద్ధమని పిల్ల సొంత కళ్ళతో చూసే ఘడియ!

పుస్తకం మూసి నిట్టూర్చింది.

"ఏం తల్లీ?"

"ఆ సారు సరిగానే సదివినాడు నాయినా. ఈ పుస్తకం రాసినోడికే కత తెలీదు."

ఆనాడే మా కులదైవం మీద ఒట్టు పెట్టుకున్నాను. ప్రాణం పోయినా రాని లిపిని వచ్చినట్టు చదవను. అంతకన్నా ముఖ్యంగా, ఇంకెప్పుడూ అచ్చులో ఉన్నదానికంటే బాగా చదవను.