ఏకాదశి నాడు దోమల పారణ

ఇప్పుడు మా ఇంట్లో ఒక్క దోమ గుయ్యిమంటే చాలు, నలుగురూ నాలుగు వైపుల నుంచి ఏదో ఒకటి చల్లుతారు, ఏదో ఒకటి వెలిగిస్తారు, బ్యాటు పట్టుకుని గాలిలో టెన్నిసు ఆడతారు. నేను కుర్చీలో కూర్చుని నవ్వుకుంటాను. నాకు వయసున్న రోజుల్లో దోమ కుడితే కాదు, కుట్టకపోతే కంగారుపడేదాన్ని. కుట్టకపోతే నా ఉద్యోగం పోయేది. యుద్ధం జరుగుతున్న కాలం అది. బెంగుళూరు నిండా సిపాయిలే. వాళ్ళను తూర్పు అడవుల్లోకి పంపితే శత్రువు తుపాకీ కంటే ముందే మలేరియా పడగొట్టేస్తోందని ఊరి చివర ఒక పాత బంగళాలో దోమల మీద పరిశోధన పెట్టారు. మగపిల్లలు చాలామంది పట్టాళానికి వెళ్ళిపోవడంతో, జంతుశాస్త్రం చదివింది కనక ఆడపిల్లైనా ఫరవాలేదని నన్ను తీసుకున్నారు. (ఆ 'ఫరవాలేదు' నా మొహం మీదే అన్నారు. "కుట్టేది ఆడదోమే కదండీ, మగది పండ్ల రసం తాగి ఊరుకుంటుంది" అన్నాను. వాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు.)

మా ఇల్లు చిక్కపేట వెనక సందులో ఉండేది. నాయన పట్టునూలు అంగడిలో పనిచేసేవాడు. తాతల నాడే సీమ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళం. బయట కన్నడం, ఇంట్లో సగం కన్నడం కలిసిన తెలుగు, సందు మొదట్లో ఉన్న భజన మందిరంలో మాత్రం దేవుడికి అర్థమయ్యేంత శుద్ధమైన తెలుగు మాట్లాడుకునేవాళ్ళం. ఆ మందిరంలో పాడే మా గోష్ఠికి పెద్ద, గోష్ఠి తాత. నాకు ఆయనతో రక్తసంబంధం లేదు, సందులో అందరికీ ఆయన తాతే. నాకు శ్లోకాలు నేర్పింది ఆయన, తాళం నేర్పింది ఆయన, ఆడపిల్లలు వెనక వరసలో కూర్చోవాలన్న వాళ్ళను కసిరి, గొంతు బాగుందని నన్ను ముందు వరసలో కూర్చోబెట్టింది కూడా ఆయనే. ఆ వరసలో నా చోటు నాకు నా పేరుతో సమానం. కాలేజీలో నలుగురు మేధావులు దేవుడు లేడని వాదిస్తుంటే, "లేకపోతే మీకెందుకప్పా అంత కోపం?" అని అడిగి వచ్చినదాన్ని నేను.

మా గోష్ఠిలో ఒక ఆచారం ఉండేది. శనివారాల్లోనూ ఏకాదశి నాడూ భజన అయిపోగానే, పచ్చకర్పూరం కలిపి అరగదీసిన చందనాన్ని స్వామికి చూపించి, తాత తన చేత్తోనే ఒక్కొక్కరికి మణికట్టు నుంచి మోచేతి దాకా పూసేవారు. శనివారం చందనం ఎప్పుడు కడుక్కున్నా తప్పులేదు. ఏకాదశి చందనాన్ని మాత్రం మరునాడు పారణ దాకా, అంటే ఉపవాసం విడిచి భోంచేసేదాకా, కడగకూడదు. అది ఎండి, దానంతట అదే రాలిపోవాలి. మా సందులో ఉపవాసం తప్పినవాళ్ళను క్షమించేవాళ్ళు గానీ చందనం కడిగినవాళ్ళను క్షమించేవాళ్ళు కాదు.

ఇక బంగళా సంగతి. మా పైఅధికారిని అందరం దొడ్డ సారు అనేవాళ్ళం. కన్నడంలో దొడ్డ అంటే పెద్ద అని, మనిషి మాత్రం పొట్టి. దోమల కోసం అడవులు తిరగాలి కనక మలేరియా మాత్రలు మింగీ మింగీ ఒళ్ళంతా పచ్చబడిపోయి ఉండేవారు. (ఒకసారి మా అమ్మ ఆయన్ను చూసి, "మగాడై ఉండి ఎంత శ్రద్ధగా పసుపు పూసుకుంటాడే ఆయన!" అని మెచ్చుకుంది.) ఆయన మలెనాడు అడవుల నుంచి ఒక జాతి దోమల్ని పట్టి, గుడ్డతో కట్టిన గూట్లో పెట్టి, దానికి తడిబట్ట చుట్టి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. మగవి నానబెట్టిన ఎండు ద్రాక్షతో తృప్తిపడ్డాయి. ఆడవి గుడ్లు పెట్టాలంటే రక్తం కావాలి. మేము కుందేలును పెడితే మలెనాడు మర్యాదస్థుల్లాగా మొహం తిప్పుకున్నాయి. మనిషి కావాలి. గూటికి ఒక పక్క నల్లగుడ్డతో కుట్టిన చొక్కా చెయ్యి లాంటిది వేలాడేది, అందులోంచి చెయ్యి లోపలికి పెట్టి అవి తాగేదాకా కదలకుండా కూర్చోవాలి. వంతులవారీగా అందరం పెట్టేవాళ్ళం. ఆ వారం మాతో పనిచేసే సైకిలప్పకు చలిజ్వరం. దొడ్డ సారు రక్తంలో రక్తం కంటే మాత్రలే ఎక్కువ. మిగిలింది నేను. నా వంతు సరిగ్గా ఏకాదశి నాడు పడింది.

ఆ పొద్దున మందిరంలో తాత చందనం గిన్నె పట్టుకుని నా ముందు ఆగారు. రెండు చేతులకూ దిట్టంగా పూస్తూ అడిగారు.

"ఏమ్మా, ఈ పొద్దు కూడా ఆ పురుగుల కాడికి పోతావా?"

"పోవాల తాతా. నా వంతు ఉండాది."

"వంతంటే?"

"చెయ్యి లోపల పెట్టాల. అవి తాగాల."

తాత చెయ్యి గాలిలో ఆగిపోయింది. "ఏకాదశి పూట రక్తం పెడతావా? ఉపవాసం ఉండే ఒళ్ళు నీది కాదమ్మా, స్వామిది. ఈ చందనం కడిగినా, ఈ చేతిని పురుగుల నోట్లో పెట్టినా, శనివారం నీ చోట్లో ఇంకొకరు కూర్చుంటారు."

"కడగను తాతా," అన్నాను. "పెట్టేది మాత్రం పెడతాను."

ముందు వరసంతా తాళాలు పట్టుకుని బిగుసుకుపోయింది. మా నాయన స్తంభం వెనక్కి జరిగాడు. నేను దణ్ణం పెట్టుకుని లేచి వచ్చేశాను.

బంగళాలో దోమల గది చీకటిగా, తడి గోనెపట్టాలు వేలాడుతూ, ఎప్పుడూ వానాకాలంలా ఉండేది. చీర కొంగు బిగించి గూట్లోకి చెయ్యి పెట్టాను. ఏదీ రాలేదు. ఇంకో చెయ్యి పెట్టాను. ఉన్న దోమలన్నీ గూటి పైకప్పుకు అతుక్కుని, నా వైపు వీపు పెట్టి కూర్చున్నాయి. అంతలో దొడ్డ సారు లోపలికి వచ్చి ముక్కు ఎగబీల్చారు.

"ఏనమ్మా, పెళ్ళింటి వాసన వస్తాందే ఇక్కడ!"

"చందనం సార్. పచ్చకర్పూరం కలిపినారు."

"అయ్యో రామా! కడుక్కో పో. సబ్బు బేడ, వద్దు, ఉత్త నీళ్ళు."

"రేపు పారణ దాకా కడగకూడదు సార్."

ఆయన పచ్చటి మొహం నారింజ రంగుకు తిరిగింది. "నా బిడ్డను కూడా నేను ఇట్ల ఒళ్ళో పెట్టుకుని తేలేదు తెలుసా? ఈ పొద్దు తాగకుంటే ఇవి గుడ్లు పెట్టకుండానే చస్తాయి. నీకు నీ దేవుడే కావాలంటే గుడికి పో, మళ్ళీ ఇక్కడికి రాబేడ. ఉద్యోగం కావాలంటే కొళాయి అక్కడుండాది. రెండూ కుదరవు."

రెండూ కుదరవన్న తీర్పు ఆ పొద్దున నేను వినడం అది రెండోసారి. ఒకరు నామం పెట్టుకుని అన్నారు, ఒకరు టై కట్టుకుని అన్నారు, మాట ఒకటే. ఇద్దరూ నాకు గురువులే, ఇద్దరూ నన్ను సగానికి కోసి తమ సగం తీసుకుపోదామని చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. (దోమలు కుట్టకముందే.)

"సార్, దోమ చేతినే కుట్టాలని ఏ శాస్త్రంలో రాసుండాది?" అని, పెరట్లోకి వెళ్ళి కాలు కడుక్కుని వచ్చి, స్టూలు లాగి గూటి ముందు వేసుకుని కూర్చున్నాను. చీర పిక్కల దాకా ఎత్తి, ఎడమకాలు ఎత్తి, ఆ నల్లగుడ్డ లోపలికి తోసేశాను. ఆ రోజుల్లో ఆడపిల్ల పరాయి మగాడి ఎదుట మడమ కూడా కనపడనిచ్చేది కాదు. దొడ్డ సారు ఉలిక్కిపడి గోడ వైపు తిరిగిపోయారు. అక్కడి నుంచి, గోడకు చెబుతున్నట్టుగా, "వస్తున్నాయా?" అని అడిగారు.

వచ్చాయి. పైకప్పు ఖాళీ చేసి మరీ వచ్చాయి. చేతిని చూసి మొహం తిప్పుకున్న మర్యాదస్థులు కాలి మీద బంతిలో కూర్చున్నట్టు వరసగా కూర్చున్నారు. సూదులు గుచ్చుతున్నట్టుంది, దురద తల దాకా ఎక్కుతోంది, వేలు కదిలిస్తే అన్నీ లేచిపోతాయి. ఏం చెయ్యను? కళ్ళు మూసుకుని, చందనం చేతులు జోడించి, పొద్దున మందిరంలో పాడి వచ్చిన కీర్తన గొంతెత్తి అందుకున్నాను. రెండో చరణంలో ఉండగా తలుపు తెరుచుకుంది. గోష్ఠి తాత, ఆయన వెనక మా నాయన. నన్ను ఇంటికి తీసుకుపోదామని జట్కా కట్టించుకుని వచ్చారట.

"ఏందమ్మా ఇది!" అన్నారు తాత.

"కాలు తియ్యమ్మా, ఎవరన్నా చూస్తే మర్యాద పోతాది," అన్నాడు నాయన.

"తియ్యకూడదు!" అని గోడ వైపు నుంచి దొడ్డ సారు అరిచారు.

నేను కాలు తియ్యలేదు. రెండు చేతులూ చాపి చూపించాను. "చందనం కడగలేదు, చూడు తాతా. చేతులు లోపల పెట్టింది నిజమే. స్వామి చందనం ఉండాదని అవే వద్దన్నాయి."

"ఉపవాసం చెడిపోయింది కదమ్మా!"

"నీళ్ళు తప్ప నేనేం ముట్టలేదు. నోటితో పట్టిన ఉపవాసం కాలితో ఎట్ల చెడుతాది?"

"ఏకాదశి నాడు తినేదే కాదు, ఇంకొకరికి పెట్టేదీ తప్పే."

"అన్నం పెడితే తప్పు. ఇందులో గింజ యాడుండాది? ఆ పక్క చూడు, మగవి ఎండు ద్రాక్ష తింటాండాయి. ఫలాహారం! మన సందులో కంటే ఈ గూట్లోనే ఏకాదశి బాగా జరుగుతాంది తాతా."

గోడ దగ్గర దొడ్డ సారు భుజాలు కదిలాయి. తాత నవ్వలేదు. నాకు కూడా నవ్వు రావడం లేదు. "పావురాన్ని కాపాడటానికి తన తొడ కోసిచ్చిన రాజు కథ నువ్వే చెప్పినావు. చెప్పి మమ్మల్నందర్నీ ఏడిపిచ్చినావు. నువ్వు చెప్తే పుణ్యకథ, నేను చేస్తే తప్పా? మన సందు నుంచి పట్టాళానికి పోయినోళ్ళు అడవుల్లో జ్వరాలతో పడి ఉండారు. వాళ్ళ కోసమే ఇది. నా చోటు నేను ఇయ్యను తాతా. నా ఉద్యోగమూ ఇయ్యను. రెండూ నావే."

తాత చేతులు వెనక్కి కట్టుకుని, గూటికి దూరంగానే ఉండి, మెడ మాత్రం చాచి చూశారు. తాగిన దోమల పొట్టలు కెంపుల్లా మెరుస్తున్నాయి.

"ఇవి గుడ్లు పెడతాయా?"

"పెడతాయి."

"పిల్లలైనాక?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "కొన్నిట్ని మందు పెట్టి చంపి చూస్తాం తాతా."

ఆయన నాయన్ను తీసుకుని వెళ్ళిపోయారు. జట్కా కదిలిన చప్పుడు వినిపించాక గానీ నాకు ఏడుపు రాలేదు. అప్పుడు కూడా కాలు కదలనివ్వలేదు.

దోమలు గుడ్లు పెట్టాయి. నీళ్ళ మీద నల్లటి పొడి చల్లినట్టు, భూతద్దంలో చూస్తే బారులు తీరిన చిన్న చిన్న పడవల్లా. దొడ్డ సారు వాటిని చూసి, నన్ను చూసి, "వచ్చే ఏకాదశికి ఆ చందనం చేతిని నాకు చూపించమ్మా, అవి ఎందుకు పారిపోయాయో తెలుసుకోవాల" అన్నారు. క్షమాపణ ఆయన భాషలో అలాగే ఉండేది.

శనివారం మందిరానికి వెళ్ళాను. రావద్దన్నవాళ్ళు నా మొహం మీద ఇంకోసారి అనాలి, అప్పుడు చూద్దాం అనుకుని వెళ్ళాను. ఎడమకాలు పూరీలా పొంగి ఉంది. నా చోట్లో ఎవరూ కూర్చోలేదు, కానీ నేను కూర్చోగానే అటూ ఇటూ ఉన్నవాళ్ళు కొంచెం కొంచెం జరిగారు, నా కొంగులోంచి దోమలు లేస్తాయన్నట్టు. నేను ఇంకా గట్టిగా పాడాను. భజన అయింది. తాత గిన్నె పట్టుకుని వరస మొదటి నుంచి వస్తున్నారు. నా ముందుకు వచ్చి ఆగారు. చేతులు చాపాను. ఆయన వంగి, ఎప్పటిలాగే మణికట్టు నుంచి మోచేతి దాకా పూశారు. ఆ తర్వాత ఉత్తరీయం మడతలోంచి ఒక చిన్న ఆకుదొన్నె తీసి నా ఒళ్ళో పెట్టారు. అందులోనూ చందనమే.

"ఇది వేరే అరగదీసినాను. స్వామికి చూపిచ్చలేదు. కాళ్ళకు రాసుకో, మంట తగ్గుతాది."

ప్రసాదం కాళ్ళకు తగలకూడదు కనక, పూజలో పెట్టకుండా విడిగా అరగదీసి తెచ్చారు. రెండడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అన్నారు. "వాటికి పెట్టే రోజు మాత్రం రాసుకోవద్దు."

ఆ తర్వాత నా జీవితమంతా రక్తం తాగే పురుగులతోనే గడిచిపోయింది. దోమలు, ఇసుక ఈగలు, పిడుదులు, అన్నింటికీ ఏదో ఒక చోట నేను విందు పెట్టినదాన్నే. అన్ని ఏకాదశులూ ఉన్నాను. రెండూ ఎలా కుదిరాయని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కుదరవన్నవాళ్ళే చివరికి కుదిర్చారని చెబుతాను.

మొన్న ఏకాదశికి గంధపుచెక్క తీసి, మోకాళ్ళు కటకటమంటుంటే కింద కూర్చుని రెండుసార్లు అరగదీశాను, స్వామికి ఒకటి, నాకొకటి. నాది మడమలకు రాసుకుంటుంటే మనవరాలు బ్యాటు పట్టుకుని వచ్చి నిలబడింది. "కాళ్ళకెందుకు అవ్వా? దోమలు కుట్టకుండానా?" అని అడిగింది. చీర పిక్కల దాకా ఎత్తి, కాలు గూట్లో పెట్టి, ఒకరి మాటా వినకుండా గొంతెత్తి పాడుతున్న ఆ మొండి పిల్ల ఒక్క క్షణం నా ఎదుట కనిపించింది.

"అవునే," అన్నాను. "ఈ పొద్దు నా వంతు కాదు."