వేలెడు వెలుపల

వన్ టౌన్ సందులోని కరీం బాషా దర్జీ దుకాణంలో కత్తెర పట్టే అధికారం ఆయన ఒక్కడిదే. కొడుకు రహమాన్ పదమూడవ యేట మిషను ముందు కూర్చున్నవాడు, ఇరవై ఆరు నిండినా గుడ్డ కోసి యెరుగడు. కొలతల ప్రకారం సుద్దతో గీతలు గీయడం అతని పని. ఆ గీతను చెరిపి, లోపలికి మరొకటి గీయడం తండ్రి పని. ఎంత సరిగా గీసినా బాషా దిద్దక మానడు. కనుక ఆ దిద్దుబాటుకు చోటుంచి, కొలతకంటె వేలెడు వెలుపలే గీయడం రహమాన్‌కు అలవాటైపోయింది.

బాషా ప్రేమలేనివాడు కాడు. "నీ పేరేటి బాబూ?" అని ఎవరైనా రహమాన్‌ను అడిగితే, జవాబు మాత్రం తానే చెప్పేవాడు.

1979లో మల్కాపురంలో కార్మికుల దుస్తులు కుట్టించే సన్యాసిరాజుకు కటింగు మాస్టరు కావలసివచ్చాడు. ఆ పని దొరికితే తన కత్తెర తనది. దారాలు కొని తెస్తానని తండ్రికి అబద్ధమాడి, రహమాన్ బస్సెక్కాడు.

సన్యాసిరాజు ఖాకీ గుడ్డ పరిచాడు. "కొలతలివిగో. ఓ సొక్కా కోసి సూపించు."

రహమాన్ గీతలు గీసి, కత్తెర అందుకుని, వెనుదిరిగి చూశాడు.

"ఎవుర్ని సూత్తన్నావ్? గోడనా?"

కుట్టుపనివారు నవ్వారు. రహమాన్ గీత వెంబడే కోశాడు.

సన్యాసిరాజు టేపు పెట్టి చూశాడు. "ఇది సొక్కానా, గుడారమా? సుట్టూ ఈ వేలెడు ఎందుకొదిలేవు?"

"మా అబ్బా దిద్దుతారని..."

"మీ అబ్బా ఇక్కడేడీ? ఇరవయ్యేసి పొరలు ఒకేపాలి కోసే కొట్టు ఇది, తరవాత దిద్దడం కుదరదు. ఎల్లిరా బాబూ."

ఇంటికి వచ్చి జరిగినదంతా చెప్పేశాడు. బాషా కోపగించలేదు, భోజనం మాత్రం చేయలేదు. మరునాడు ఉదయం కత్తెరను కొడుకు వైపు జరిపాడు.

"నువ్వే గియ్యి, నువ్వే కొయ్యి. నాను సూడను," అని వీధివైపు తిరిగి కూర్చున్నాడు.

రహమాన్ గీశాడు. గీత వేలెడు వెలుపల పడింది. చెరిపి మళ్ళీ గీశాడు. చేయి మళ్ళీ అక్కడికే పోయింది.

"అబ్బా, ఒక్కపాలి సూడండి."

బాషా భుజాలు కదిలాయి గాని, ముఖం ఇటు తిరగలేదు. రహమాన్ సుద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు. కత్తెర జరిపినచోటనే ఉంది.