లైబ్రరీలో పజిల్ బల్ల

నేను ఆ శీతాకాలం వారానికి మూడు రోజులు లేని ఉద్యోగానికి వెళ్ళొచ్చాను.

కెనడాలోని ఎటోబికోలో మేముండే వీధిలో ఆ రెండు మూడేళ్ళూ ఏ బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే. పొద్దున బస్సెక్కితే వెనక సీట్లలోంచి తెలుగు, పంజాబీ, గుజరాతీ కలగలిసి వినిపించేవి. ఎయిర్‌పోర్ట్ పక్క వేర్‌హౌస్‌లలో షిఫ్ట్ దిగి అట్నుంచటే కాలేజీకి వెళ్ళే పిల్లలు కడ్డీ పట్టుకుని నిలబడే కునికేవాళ్ళు. మా చెల్లెలి కూతురు కూడా అలాగే ఒక సెప్టెంబర్‌లో రెండు సూట్‌కేసులతో వచ్చి దిగింది. ఏలూరులో బీటెక్ అయ్యాక ఏడాదిపాటు ఖాళీగా ఉంటే, "పంపించవే, ఇక్కడ నేనున్నాగా! రెండేళ్ళ డిప్లొమా చేస్తుంది, తర్వాత వర్క్ పర్మిట్ వస్తుంది. నా కళ్ళముందే ఉంటుంది" అని మా చెల్లెలికి పదిసార్లు ఫోన్ చేసి చెప్పింది నేనే. మా చెల్లెలు రోడ్డు దాటడానికి కూడా ఎవరి చెయ్యో పట్టుకునే మనిషి. నా మాట మీద కూతుర్ని విమానం ఎక్కించింది.

దాంతో ఇంట్లో నలుగురమయ్యాం. నేను, మా ఆయన, పదేళ్ళ మా అమ్మాయి, పైన చిన్న గదిలో ఈ పిల్ల. అది నన్ను పెద్దమ్మా అనేది. మా అమ్మాయి దాన్ని అక్కా అని పిలిచి, మిగతాదంతా ఇంగ్లీషులో మాట్లాడేది.

ఆ డిసెంబర్‌లో మా అమ్మాయి పుట్టినరోజుకి ఎవరో వెయ్యి ముక్కల జిగ్సా పజిల్ ఇచ్చారు. ఒడ్డున రంగురంగుల ఇళ్ళు, ముందు పడవలు. దాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచిన రోజు నుంచి మేం ఒళ్ళో పళ్ళేలు పెట్టుకుని సోఫాలో తినడం మొదలుపెట్టాం. మా ఆయన అంచు ముక్కలన్నీ ఏరి వరసగా పేర్చేవాడు. ఒక్క ముక్క పట్టుకుని అరగంటైనా నిలబడగలడు ఆయన. మా అమ్మాయి ఎర్ర రంగున్నవన్నీ తనవేనని ముందే చెప్పేసింది. చెల్లెలి కూతురైతే బొమ్మ వంకే చూసేది కాదు. ముక్కల్ని వెనక్కి తిప్పి, బొడిపెలు ఎన్ని, గుంటలు ఎన్ని అని చూసి జత కలిపేది. ఎలక్ట్రానిక్స్ బుర్ర.

నాకు మాత్రం ఆ బల్ల చూస్తేనే చిరాకు. "అన్నీ కత్తిరించి డబ్బాలో పోసినవాణ్ణే అతికించి ఇమ్మనకపోయారా?" అనేదాన్ని. నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను కాలుకాలిన పిల్లి అనేది. అన్నం తింటూ కూడా లేచి తిరిగేదాన్నట. అలాంటిదాన్ని పన్నెండేళ్ళు ఒకే కంపెనీలో కుర్చీకి అతుక్కుని పనిచేశానంటే, ఎప్పుడూ ఏదో ఒకటి ఆలస్యమవుతూ, ఎవరో ఒకరు తొందరపెడుతూ ఉండబట్టే.

జనవరిలో ఒక మంగళవారం పదిహేను నిమిషాల వీడియో కాల్‌లో ఆ ఉద్యోగం పోయింది. మా టీమ్‌లో సగంమందిని తీసేశారు. లాప్‌టాప్ కొరియర్‌లో వెనక్కి పంపమన్నారు, పంపేశాను. మా ఆయనకి ఆ రోజే చెప్పాను.

"పిల్లలకి ఇప్పుడే చెప్పొద్దు" అన్నాను.

"ఎందుకు? దొంగతనం చేశావా ఏంటి?"

"అది కాదు. ఆ పిల్లని రమ్మన్నది నేను. ఇక్కడ ఉద్యోగాలకేం అని ఊదరగొట్టింది నేను. ఇప్పుడు నాదే పోయిందని తెలిస్తే అది బెంబేలెత్తిపోతుంది. మా చెల్లెలికి తెలిస్తే అక్కడ అన్నం మానేస్తుంది. చిన్నదానికి చెబితే నోరాగదు. ఒక్క నెల ఆగు, ఈలోపు ఏదో ఒకటి చూసుకుంటాను."

ఆయనకి నచ్చలేదు. అయినా సరేనన్నాడు.

అలా మొదలైంది. అంతకుముందు వారంలో మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకి వెళ్ళేదాన్ని. ఇప్పుడూ అవే రోజులు అదే టైముకి బూట్లు వేసుకుని, బ్యాగ్ తగిలించుకుని బయల్దేరేదాన్ని. ఖాళీ బ్యాగ్ వేలాడుతోందని అందులో మా అమ్మాయి పాత అట్లాస్ పెట్టాను. మా అమ్మాయి కిటికీలోంచి చెయ్యి ఊపేది, నేనూ ఊపేదాన్ని. బస్సెక్కి ఆరు స్టాపుల తర్వాత లైబ్రరీ దగ్గర దిగిపోయేదాన్ని.

మొదటి రెండు వారాలు అక్కడి కంప్యూటర్ల దగ్గర కూర్చుని ఉద్యోగాలకి అప్లై చేశాను. మెయిల్ చూడటం, లేవడం, నీళ్ళు తాగడం, మళ్ళీ మెయిల్ చూడటం. కూర్చున్నచోట కాళ్ళు ఊపుతుంటే పక్కాయన కుర్చీ మార్చుకున్నాడు. కిటికీ పక్కన ఒక పజిల్ బల్ల ఉండేది. దారిన పోయేవాళ్ళెవరైనా రెండు ముక్కలు పెట్టి పోవచ్చు. ఒకరోజు చేతులకి ఏమీ తోచక అక్కడ కూర్చున్నాను. కొండలు, చెరువు, మిగతా సగం ఉత్త నీలాకాశం. రోజూ అక్కడ ఒక తెల్లాయన ఉండేవాడు. పెద్ద వయసు, చేతులు కాస్త వణికేవి. నేను గబగబా నాలుగు ముక్కలు నొక్కి పెట్టి లేచేసరికి, అందులో మూడింటిని మెల్లగా ఊడదీసి నా ముందు పెట్టాడు. మర్నాడూ అంతే. మూడోరోజు నాకు కోపమొచ్చింది. ఆయన గడియారం చూపించి, "తొందరేం లేదు, సాయంత్రం దాకా తీసే ఉంటుంది" అన్నాడు ఇంగ్లీషులో.

ఆయన దగ్గరే నేర్చుకున్నాను, ఆకాశాన్ని ఎలా కట్టాలో. రంగు నమ్ముకుంటే లాభం లేదు. ఒక్కో రకం ఆకారాన్ని ఒక్కో వరసలో పెట్టుకుని, ఒక్కో గుంటకి ఒక్కోటి ఆనించి చూసుకుంటూ పోవాలి.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో బల్ల పక్కనుంచి పప్పుగిన్నె పట్టుకుని వెళ్తూ, ఆగి, పడవల మీది ఆకాశంలో ఐదు ముక్కలు టకటకా పెట్టేశాను.

మా అమ్మాయి నోరు తెరిచింది. "మామ్, సిన్స్ వెన్ ఆర్ యూ గుడ్ ఎట్ దిస్?"

మా ఆయన నా వంక చూసి తల తిప్పుకున్నాడు. చెల్లెలి కూతురు మాత్రం చూస్తూనే ఉంది. "వంటింట్లో పప్పు మాడుతోంది" అని చేతిలో గిన్నె ఉండగానే వంటింట్లోకి పరిగెత్తాను.

ఫిబ్రవరిలో ఒక గురువారం బాగా మంచు పడింది. లైబ్రరీ గుమ్మంలో బూట్లు దులుపుకుని లోపలికి వెళ్ళేసరికి, పజిల్ బల్ల దగ్గర ముసలాయనకి ఎదురుగా కోటు విప్పకుండా, కాలేజీ బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని మా చెల్లెలి కూతురు కూర్చునుంది.

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"క్లాస్ క్యాన్సిల్ అయింది పెద్దమ్మా" అంది అది.

"మా ఆఫీసులో కరెంట్ పోయింది" అన్నాను నేను.

వెనక్కి వెళ్ళిపోతే బాగుండదని పక్క కుర్చీలో కూర్చున్నాను. గంటసేపు ఇద్దరం ముక్కలు వెతుకుతూనే ఉన్నాం. నాకైతే బొమ్మ కనపడలేదు. ఒక పచ్చముక్కని ఐదుసార్లు ఒకే చోట పెట్టి తీశాను.

అది తల ఎత్తకుండానే అంది: "నీ బ్యాగ్‌లో లాప్‌టాప్ లేదు కదా పెద్దమ్మా?"

బ్యాగ్‌ని కాళ్ళ మధ్యకి లాక్కున్నాను.

"వాక్యూమ్ చేస్తూ పక్కకి జరిపాను. తేలిగ్గా ఉందేంటా అని చూస్తే అట్లాస్."

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావని."

అప్పుడు నేను చెప్పాను. కాల్ సంగతి, కొరియర్ సంగతి, బస్సు దిగిపోవడం, అంతా. అది వింటూ ముక్కలు తిప్పుతూనే ఉంది. నేను ఆపాక, దాని వంతొచ్చింది.

జనవరిలో నలుగురు కలిసి ఒక రిపోర్ట్ రాశారట. అందులో ఒకడు తన భాగాన్ని ఎక్కడినుంచో దించేశాడు. కాపీ కొట్టారని కాలేజీ నుంచి నలుగురికీ మెయిల్ వచ్చింది, మీటింగ్‌కి వచ్చి సంజాయిషీ చెప్పుకోమని. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో, ఇక స్టడీ పర్మిట్ పోయినట్టే, డిపోర్ట్ చేస్తారని రాశారు. అది హడలిపోయి మీటింగ్‌కి వెళ్ళలేదు. వెళ్ళలేదు కాబట్టి క్లాసులకి వెళ్ళడానికీ మొహం చెల్లలేదు. మూడు వారాలుగా మాల్‌లో తిరుగుతోంది. అక్కడ సెక్యూరిటీ అతను రెండుసార్లు ఏం కావాలని అడిగితే, ఈ వేళ ఇక్కడికి వచ్చింది.

నేను ఓదార్చాలి. కానీ ఓదార్చలేదు. "మూడు వారాలా! మీ అమ్మకి నేనేం చెప్పను? నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని అరిచాను. లైబ్రరీలో అందరూ తలెత్తారు. ముసలాయన చేతిలో ముక్క అలాగే ఉండిపోయింది. ఆ పిల్ల లేచి, బ్యాగ్ తీసుకుని, మంచులోకి వెళ్ళిపోయింది.

కోటు కుర్చీ మీదే వదిలేసి వెనకాలే పరిగెత్తాను. బస్ షెల్టర్లో ఒక మూల నిలబడి ఉంది. ఏడవడంలేదు, వణుకుతోంది. నా పళ్ళూ టకటకలాడుతున్నాయి. అరిచినందుకు సిగ్గేసింది. ఇన్ని వారాలూ నేనూ అదే పని చేశానని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

"ఆ మెయిల్స్ ఇలా చూపించు తల్లీ" అన్నాను.

"నేను తెరవలేదు పెద్దమ్మా. మొదటిదే చదివాను. తర్వాత రెండు వచ్చాయి."

"నేను చదువుతాలే."

ఫోన్ నా చేతికిచ్చి అటు తిరిగి నిలబడింది. మొదటి రెండూ కటువుగానే ఉన్నాయి. మూడోది మాత్రం రెండు వాక్యాలే. మీరు క్షేమంగా ఉన్నారా, వీలైన రోజు చెబితే మళ్ళీ మీటింగ్ పెడతాం, అని. పైకి చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. అక్కడే నిలబడి జవాబు రాశాం, వచ్చే సోమవారం పదింటికి వస్తామని. ముసలాయన నా కోటు పట్టుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉన్నాడు.

సోమవారం దాకా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను. తీరా వెళ్ళాక ఆ ఆఫీసులో ఆవిడ, "స్టూడెంట్ ఒక్కరే రావాలి, మీరు బయట ఉండండి" అంది. చేతిలో కాగితం నలిగిపోయింది. ఆ కారిడార్లో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో! గోడ మీది నోటీసులన్నీ చదివేశాను. బాస్కెట్‌బాల్ టీమ్‌లో చేరే ఆఖరు తేదీ కూడా చదివాను. తలుపుకి చెవి ఆనించబోతే ఎవరో వస్తున్నారు. లోపలినుంచి మా పిల్ల గొంతు సన్నగా వినపడుతోంది, మాటలు అందడంలేదు. దాని గొంతు ఒకసారి పెరిగింది. తర్వాత ఆవిడ నవ్వినట్టు అనిపించింది. ఆ నవ్వు ఎలాంటిదో తెలియక ఇంకో నాలుగు చుట్లు తిరిగాను.

ఇరవై నిమిషాలకి బయటికొచ్చింది. తన భాగం తనే రాసినట్టు ఫైళ్ళు తెరిచి చూపించిందట. అయినా గ్రూప్‌లో ఉన్నందుకు ఆ రిపోర్ట్‌కి సున్నా. పోయిన క్లాసుల వల్ల ఆ కోర్సు వేసవిలో మళ్ళీ చదవాలి. ఒక వార్నింగ్ లెటర్ ఇచ్చారు. పర్మిట్‌కి వచ్చిన ముప్పేమీ లేదు, కానీ ఇక ఒక్క క్లాసూ మానడానికి వీల్లేదు.

"ఇంకేమంది?"

"ఇంకేం లేదు. ఆకలేస్తోంది పెద్దమ్మా."

కింద ఫుడ్ కోర్ట్‌లో రెండు సమోసాలు తిని, ఇంకో రెండు తెప్పించుకుంది. నేను టీ తాగుతూ దాన్ని చూస్తూ కూర్చున్నాను.

మా చెల్లెలికి వీడియో కాల్ చేసి ఇద్దరం ఒకేసారి చెప్పేశాం. అక్కడ అప్పుడే తెల్లవారింది. అది కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని, అన్నం మానేస్తుందని అనుకున్నాను. అదేమో మండిపడింది.

"నేను పిరికిదాన్ననేగా ఇద్దరూ దాచారు? ఉద్యోగం పోయి నువ్వు రోడ్ల మీద తిరుగుతుంటే, నేనిక్కడ నీకు మాగాయ ఎప్పుడు పంపాలా అని ఆలోచిస్తున్నానక్కా! నన్ను మనిషిగానే లెక్కెయ్యరా మీరు?"

అని ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు నేనెన్నిసార్లు చేసినా ఎత్తలేదు. మూడోరోజు అదే చేసి, నా రెజ్యూమె పంపమంది. ఏలూరులో కూర్చుని ఏం చేస్తుందో అడగలేదు, పంపించాను.

అందరికంటే కష్టం మా అమ్మాయికి చెప్పడమే అయింది. ఎందుకంటే అది కోప్పడలేదు. "సో ఐ వజ్ వేవింగ్ అండ్ యూ వర్ నాట్ గోయింగ్?" అని అడిగింది. అవునన్నాను. పడవల పజిల్లో ఇంకా వంద ముక్కలుండగానే, దాన్ని విప్పి డబ్బాలో పోసేసి పైకి వెళ్ళిపోయింది. డైనింగ్ టేబుల్ ఖాళీ అయింది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత బల్ల దగ్గర కూర్చుని తిన్నాం.

ఆ తర్వాత నెలల తరబడి, నేను పాల ప్యాకెట్ కోసం బయటికి వెళ్ళినా గుమ్మంలో నిలబడి, "రియల్లీ?" అని అడిగేది. "నిజంగానే" అని ప్రతిసారీ చెప్పేదాన్ని. విసుక్కునే హక్కు నాకు లేదు. దానికీ నాలాగే ఒకచోట కుదురు లేకుండా పోయింది. నేను ఏ గదిలో ఉంటే ఆ గదిలోకి వచ్చి ఒకసారి చూసి పోయేది.

మా చెల్లెలి కూతురు వేసవిలో ఆ కోర్సు మళ్ళీ చదివి పాసైంది. నాకు ఆగస్టులో ఇంకో కంపెనీలో కాంట్రాక్ట్ ఉద్యోగం దొరికింది. మొదటిరోజు బయల్దేరుతుంటే మా అమ్మాయి బూట్లు వేసుకుని నా కంటే ముందే గుమ్మంలో నిలబడింది. వాళ్ళకింకా సెలవులే. చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను. మా ఆయన కార్లో మా వెనకే వచ్చాడు, దాన్ని తిరిగి ఇంటికి తీసుకెళ్ళడానికి.

ఆ బిల్డింగ్ ముందు నిలబడి అది మెడ వెనక్కి వంచి పైదాకా చూసింది. నాకు ముందే ఇచ్చిన కొత్త కార్డ్ అడిగి తీసుకుని, తలుపు దగ్గర తనే ఆనించింది. పచ్చలైటు వెలిగి తలుపు తెరుచుకుంది.

"వెళ్ళు" అంది తెలుగులో.

లోపలికి వెళ్ళాక అద్దంలోంచి చూశాను. అది చెయ్యి ఊపలేదు. నేను లిఫ్ట్ ఎక్కేదాకా అక్కడే నిలబడి చూస్తోంది.