నందిగామలో లేని అమ్మాయి

ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అందుకే మీతో చెప్పుకోవడం కాస్త సులువు. తీర్పు చెప్పమని అడగడం లేదు. మధ్యలో లేచి వెళ్ళిపోకండి, చాలు.

నేను జగ్గయ్యపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచర్ని. పదో తరగతికి పరీక్షల ముందు రివిజన్ చేయిస్తాను. ఉపమ, రూపకం, ఉత్ప్రేక్ష వల్లె వేయించడం ఒక ఎత్తు, అపరిచిత గద్యం ఒక ఎత్తు. పిల్లలు అంతకు ముందెప్పుడూ చూడని పేరా ఒకటి ఇస్తాం, అది చదివి కింది ప్రశ్నలకు జవాబులు రాయాలి. గైడుల్లో ఉండే పేరాలు ట్యూషన్లలోనే అరిగిపోతాయి. అందుకని నేనే సొంతంగా రాసి జిరాక్స్ తీయించేదాన్ని. ఈ విషయంలో నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. తోటి టీచర్లు వాట్సాప్‌లో అడిగి మరీ తీసుకునేవాళ్ళు కదా!

పిల్లలకు నేను నూరిపోసిన సూత్రం ఒకటే. జవాబు మీ బుర్రలో కాదు, పేరాలో వెతకండి. ఊరు, ఇల్లు, మనిషి, వేళ, అన్నీ అందులోనే ఉంటాయి. పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివితే దొరకనిదంటూ ఉండదు. ఎంత నమ్మకంగా చెప్పేదాన్నో!

ఆ క్లాసులో ఒక అమ్మాయి. వాణి అనుకోండి. అసలు పేరు అది కాదు. చూశారా, ఇప్పుడు కూడా పేరు మార్చడంతోనే మొదలుపెట్టాను. వాళ్ళ నాన్నకు బజార్లో కిరాణా హోల్‌సేల్ కొట్టు. తల్లి అంతకు ముందు వేసవిలో జ్వరంతో పోయింది. ఒకరోజు స్కూలు వదిలాక ఆ పిల్ల నా కుర్చీ పక్కన నిలబడి, నా వైపు కాకుండా గుమ్మం వైపు చూస్తూ ఒక సంగతి చెప్పింది. దీపాలు పెట్టే వేళకు వాళ్ళ వంటింట్లో చేటతో బియ్యం చెరుగుతున్న చప్పుడవుతుందట. దాంతో పాటే గాజుల చప్పుడు. తను హాల్లో కూర్చుని ఆ రోజు స్కూల్లో జరిగినవన్నీ పైకే చెబుతుందట. చెప్పడం ఆపితే చెరగడం ఆగుతుంది. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ వినిపిస్తుంది. వంటింట్లోకి మాత్రం తొంగిచూడదట, చూస్తే ఇక రాదేమోనని. ఎవరికీ చెప్పొద్దు మేడం అంది. చెప్పనన్నాను.

నా ఒళ్ళు జలదరించింది. జాలితో అని రాసుకోవాలని ఉంది. కాదు. ఇది ఎంత మంచి పేరా అవుతుందో అని.

ఇంటికి వెళ్ళీ వెళ్ళగానే రాసేశాను. అమ్మాయి పేరు గీత చేశాను. ఊరు నందిగామ చేశాను. కిరాణా కొట్టును బియ్యం కొట్టుగా మార్చాను. మునేరు వైపు వెళ్ళే రోడ్డులో ఒక ఇల్లు కట్టి, దానికి నీలం తలుపులు పెట్టి, గుమ్మం పక్కన కరివేపాకు చెట్టు నాటాను. ఇన్ని మార్చాక అది వాణి కథ ఎలా అవుతుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కింద ప్రశ్నలు. ఆ అమ్మాయి వంటింట్లోకి ఎందుకు చూడలేదు? ఆమె వింటున్నది నిజమా, భ్రమా? పేరాకు తగిన శీర్షిక పెట్టండి.

పంచేటప్పుడు వాణి ముఖం చూశానా? లేదు. ఆ బెంచీ దగ్గరికి రాగానే కావాలనే కిటికీ వైపు తిరిగాను. క్లాసంతా గుక్క తిప్పుకోకుండా చదివింది. రాసినవాళ్ళందరూ భ్రమ అనే రాశారు, వాళ్ళందరికీ పూర్తి మార్కులు వేశాను. వాణి ఆ ప్రశ్న వదిలేసింది. పేరాలో మాత్రం ఊరి కింద, రోడ్డు కింద, తలుపుల కింద, చెట్టు కింద పెన్సిలు గీతలున్నాయి.

బెల్లు కొట్టాక నా దగ్గరికి వచ్చింది. కోపంగా ఉంటుందనుకున్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోతోంది. ఇది నిజంగా జరిగిందా మేడం అని అడిగింది. ఒప్పుకోవాల్సిన క్షణం అదే. నీ కథే తల్లీ, నిన్ను అడక్కుండా వాడుకున్నాను, ఆ గీత అనే పిల్ల ఎక్కడా లేదు అనాలి. ఎంతసేపు పడుతుంది ఆ మాట అనడానికి? నిజంగా జరిగిందే, ఎవరో చెప్పారు అన్నాను. అయితే నాకొక్కదానికే కాదన్నమాట అని ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళకు ఒకరోజు వాణి స్కూలుకు రాలేదు. ఇంట్లోనూ లేదు. హైవే మీద చిల్లకల్లు దాటి వెళ్ళే ప్రతి బస్సునూ ఆపి చూశారట. పొద్దుగూకేసరికి నందిగామ బస్టాండులో వాళ్ళకు తెలిసినవాళ్ళెవరో చూసి వెంటబెట్టుకొచ్చారు. ఇక బజారంతా ఒకటే గుసగుస. ఎవడి కోసమో వెళ్ళిందన్నారు. తల్లి లేని పిల్ల, గాలి సోకిందన్నారు. తండ్రి వేదాద్రి తీసుకెళ్ళి నదిలో స్నానం చేయించి స్వామి దర్శనం చేయించాడు. తర్వాత నా దగ్గరికి వచ్చాడు. మెత్తటి మనిషి. చేతులు కట్టుకుని, మీ దగ్గర చనువుగా ఉండేది కదండీ, ఎందుకెళ్ళిందో మీకేమన్నా తెలుసా అండీ అని అడిగాడు.

తెలియదండి అన్నాను.

అంతే. ఆ ఒక్క మాటతో ఊళ్ళో వాళ్ళు అనుకుంటున్నదే నిజమైపోయింది. ఆయన ఆమెను చదువు మాన్పించి వీరులపాడులో మేనత్త ఇంటికి పంపేశాడు. నాకు ఉద్యోగం పోతుందని భయమా? పరువు భయమా? రెండూ కావేమో. నా పేరా గురించి ఎవరూ తప్పుగా అనుకోకూడదని. ఇంత చిన్న కారణం కోసం మనిషి అంత పెద్ద అబద్ధం ఆడుతుందా అంటే, ఆడుతుంది, నేను ఆడాను.

వెళ్ళే ముందు వాణి స్కూలుకు వచ్చింది. స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను.

"దొరికింది మేడం," అంది, నెమ్మదిగా.

"ఎవరు?"

"గీత. ఆ రోడ్లోనే వాళ్ళ ఇల్లు. ముందు బియ్యం కొట్టుంది, కరివేపాకు చెట్టుంది. తలుపులు మాత్రం నీలం కాదు మేడం, ఆకుపచ్చ. మీకు చెప్పినవాళ్ళు తప్పు చెప్పారు."

"మాట్లాడావా?"

"ఆ, మాట్లాడా. వాళ్ళమ్మ ఇప్పుడు రావట్లేదంట మేడం. ఎవరికో నమ్మి చెప్పుకుందంట. చెప్పిన దగ్గర్నుంచి చప్పుడు ఆగిపోయిందంట."

నేను ముందున్న పేపర్ల కట్టను సర్దడం మొదలుపెట్టాను.

"ఎవరికి చెప్పావని నేను అడగలేదులెండి. పాపం, ఏడుస్తుందేమోనని." నా ముఖంలోకి రెప్ప వేయకుండా చూసింది. "వస్తా మేడం."

వాక్యం వెనక ఏముందో పట్టుకోవడం పిల్లలకు నేర్పేదాన్ని నేను. ఆ నాలుగు మాటల వెనక ఏముందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అంతా తెలిసే, గీత పేరు పెట్టి తన మాటే నాకు చెప్పిందా? లేక ఎండలో గుమ్మం గుమ్మం తిరిగి తిరిగి, ఎవరూ దొరక్క, దొరికిందని తనను తానే నమ్మించుకుందా? ఈ రెంటిలో ఏదైనా నేను భరించగలను. మూడోదే నన్ను నిద్రపోనివ్వదు. నేను కల్పించిన పిల్ల నిజంగానే అక్కడ ఉంటే?

ఒకసారి తెలిసినవాళ్ళ పెళ్ళికి నందిగామ వెళ్ళి, పట్టపగలు, ఆ రోడ్డులో నడిచాను. ఒక బియ్యం కొట్టు కనిపించింది. వెనక ఇంటి తలుపులు ఆకుపచ్చ. నందిగామలో ఆకుపచ్చ తలుపులకు కరువా అనుకున్నాను. లోపల ఎవరో బియ్యం చెరుగుతున్నారు. బియ్యం కొట్టులో చెరక్కపోతే ఇంకేం చేస్తారు అనుకున్నాను. గుమ్మం ముందు ఆగాను. లోపల చప్పుడు కూడా ఆగింది, ఎవరో నేను మాట్లాడతానేమోనని చెవి ఒగ్గినట్టు. అమ్మా అని ఒక్కసారి పిలిస్తే సరిపోయేది. కరివేపాకు చెట్టు ఉందో లేదో కూడా చూడకుండా వెనక్కి తిరిగి వచ్చేశాను.

వాణి మరుసటి ఏడాది ప్రైవేటుగా పరీక్షకు కట్టిందని, తెలుగు పేపరు రోజు మాత్రం వెళ్ళలేదని విన్నాను. నేను ఇప్పటికీ అదే స్కూల్లో, అదే రివిజన్ చేయిస్తున్నాను. సొంత పేరాలు రాయడం మానేశాను. నా పాత పేరా మాత్రం చేతులు మారుతూనే ఉంది. మొన్న ఎవరో గ్రూపులో పెట్టారు. ఎవరు ఎప్పుడు దిద్దారో తెలియదు, అందులో తలుపులు ఆకుపచ్చగా ఉన్నాయి.

వాణి ఏ అబ్బాయి కోసమూ వెళ్ళలేదు. నేను నేర్పినట్టే చదివి, నేను రాసిన ఊరికి, నేను పుట్టించిన పిల్ల కోసం వెళ్ళింది. ఈ మాట ఆమె తండ్రికి చెప్పాలి. ఊళ్ళో చెప్పాలి. అందరికంటే ముందు ఆమెకు చెప్పాలి. ధైర్యం చాలక, ముఖం తెలియని మీకు చెబుతున్నాను. గుండె తేలికైంది, అబద్ధం ఎందుకు? కానీ ఎవరికీ చెప్పొద్దు మేడం అన్న మాటను ఈసారి కూడా ఆమెను అడక్కుండానే దాటాను.