నోవా పిడిలో బెన్ నడక

కుక్కలకి దెయ్యాలు కనిపిస్తాయా అని నిన్న ఫోన్‌లో అడిగావు కదూ చిన్నీ. నాకు తెలిసినంతలో కనిపించవమ్మా. వాటికి పిల్లులు కనిపిస్తాయి, రోడ్డు మీద పారేసిన చికెన్ ముక్కలు కనిపిస్తాయి. అంతే.

దెయ్యాల్ని నేను ఏనాడూ నమ్మలేదు. నాకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. పగలూ రాత్రీ ఒకటే. చీకట్లో తిరిగేవంటూ ఉంటే ముందు నాకే తగలాలి. నాకు తగిలినవల్లా కుర్చీలు, తలుపులు, మీ వాసు మావయ్య గుమ్మంలో వదిలేసే బూట్లు.

అయినా ఒక సంగతుంది. మీ అమ్మకి కూడా పూర్తిగా చెప్పలేదు. నువ్వూ తమ్ముడూ కాకినాడలో కూర్చుని, ఈ బహ్రెయిన్‌లో అమ్మమ్మ కుక్కని నమ్ముకుని రోడ్ల మీద ఎలా తిరుగుతుందా అని బెంగపడుతుంటారు కాబట్టి చెప్తున్నాను. మీరు భయపడక్కర్లేదు. నేనే భయపడలేదు.

బెన్ మీకు తెలుసు. నాకు దారి చూపించిన మొదటి కుక్క. దాని ఒంటికి ఒక పట్టీ, ఆ పట్టీకి గట్టి పిడి ఉంటాయి. నేను ఎడం చేత్తో ఆ పిడి పట్టుకుంటాను. కుక్క వేసే ప్రతి అడుగూ పిడిలోంచి నా చేతికి తెలుస్తుంది. మీరు మనిషిని మొహం చూసి గుర్తుపడతారు. నేను కుక్కని నడక బట్టి గుర్తుపడతాను. బెన్‌కి ఆఖరి ఏళ్ళలో కీళ్ళ నొప్పులొచ్చాయి. నాలుగడుగులు బాగా వేసేవాడు, తర్వాత కుడిపక్క కొంచెం కుంగేవాడు. పిడి ఒక్కసారి దిగి లేచేది. ఆ కుదుపు నా మోచేతి దాకా వచ్చేది.

ఇంక వాడిచేత పని చేయించకూడదని డాక్టరు చెప్పాడు. మా బిల్డింగ్ ఓనరు ఒక్క కుక్కకి ఒప్పుకోవడమే గొప్ప, రెండోదానికి ససేమిరా అన్నాడు. అందుకని బెన్‌ని బుదైయా అనే ఊళ్ళో ఒక విల్లాకి పంపాం. పెద్ద తోట ఉంది, ఆ ఇంటి మేడంకి కుక్కలంటే ప్రాణం. పైగా అక్కడ పనిచేసే లక్ష్మి మన పాలకొల్లు వైపు మనిషి. వాడి కబుర్లు నాకు వాయిస్ మెసేజ్‌లు పెడుతూ ఉంటుంది.

వాడి చోటులోకి నోవా వచ్చింది. ఆడకుక్క, వయసులో ఉంది, బెన్ కన్నా ఎత్తు. బెన్ చెవులు వేలాడేవి, దీని చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి. నడక కాదు, పరుగే. ఇక్కడ చెత్త డబ్బా ఎక్కడుంటే అక్కడ పిల్లులుంటాయి, పిల్లి ఎక్కడుంటే నోవా మనసు అక్కడుంటుంది. నేనేమో నోరు జారి బెన్ అని పిలిచేదాన్ని. పిలిచినప్పుడల్లా ఆగిపోయేది. దానికి కోపమొచ్చిందో, అయోమయమో.

ఒకరోజు పిల్లిని చూసి లాగింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను.

ఆ సాయంత్రం మీ మావయ్య డ్యూటీ నుంచి వచ్చి నా మోకాలికి మందు రాస్తూ, "ఇంక చాలమ్మా. కారు పెడతాను, డ్రైవర్‌ని పెడతాను. కుక్కని వెనక్కి పంపేద్దాం," అన్నాడు.

"డ్రైవర్ నన్ను మెట్లు కూడా ఎక్కిస్తాడా?" అన్నాను.

"ఎక్కిస్తాడు. చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాడు."

"అదే వద్దంటున్నాను నాయనా."

ఎందుకు వద్దన్నానో మీకు తెలియాలి. నేను రోజూ పొద్దున్నే వెళ్ళేది ఒక చిన్నపిల్లకి బ్రెయిలీ నేర్పడానికి. శాన్వి అని, కరీంనగర్ వాళ్ళ అమ్మాయి. దానికి చూపు ఈమధ్యే పోయింది. వాళ్ళమ్మ దాన్ని గదిలోంచి గదిలోకి కూడా ఎత్తుకునే తిప్పుతుంది. నేను ఒంటరిగా వాళ్ళ తలుపు కొట్టడమే ఆ పిల్లకి అసలు పాఠం. ఇంకొకరి చెయ్యి పట్టుకుని వెళ్తే దానికి నేనేం నేర్పుతాను?

మావయ్య మొండివాడు, నా కడుపున పుట్టాడు కదా. ఆఖరికి ఒక మాట మీదకొచ్చాం. నోవాకి పని నేర్పిన ట్రెయినర్ వచ్చి చూసేదాకా అది ఉంటుంది. ఈలోగా నేను ఇంకొక్కసారి పడితే కుక్క వెళ్ళిపోతుంది, నేను కారెక్కుతాను. సరేనన్నాను. కానీ మనసులో అనుకున్నాను, నేనెందుకు పడతాను అని.

మర్నాడే బయల్దేరాను. మోకాలు సలుపుతోంది. మావయ్య ఆఫీసుకెళ్ళేదాకా ఆగి తలుపు వేశాను. చలికాలం, ఎండ హాయిగా ఉంది. చెప్పొచ్చేదేంటంటే, అర్ధరాత్రీ కాదు, శ్మశానమూ కాదు. స్కూలు బస్సుల హారన్లు, ఎక్కడో ఎవరో కార్లు కడుగుతున్న నీళ్ళ చప్పుడు.

మా వీధి చివర బషీర్ భాయ్ కోల్డ్ స్టోర్ ఉంది. కోల్డ్ స్టోరంటే ఇక్కడ కిరాణా కొట్టు. అక్కణ్ణుంచి శాన్వి వాళ్ళ ఇంటికి నేరుగా ఒకటే రోడ్డు. ట్రెయినర్ నోవాకి నేర్పింది ఆ రోడ్డే. కొట్టు దగ్గర ఆగి "ఫార్వర్డ్" అన్నాను. కదల్లేదు. మళ్ళీ అన్నాను. కదల్లేదు. ముందు ప్రమాదముంటే మనం చెప్పినా వినకూడదని వీటికి నేర్పుతారు. కానీ నిన్నటి పిల్లి గుర్తొచ్చి నాకు విసుగే వచ్చింది.

అప్పుడు పిడి కిందికి దిగింది.

చెయ్యి ఉండాల్సిన చోటు కన్నా కిందికి వెళ్ళింది. నోవా ఎత్తుకి అలవాటు పడుతున్న నా చెయ్యి, బెన్ ఎత్తు దగ్గర ఆగింది. తర్వాత నడక మొదలైంది. ఎడం పక్కకి. నిదానంగా. నాలుగడుగులు, ఒక కుంగు. నాలుగడుగులు, ఒక కుంగు.

పిడి వదలకుండా వెంట నడిచాను. మసీదు వెనక ఏసీల హోరు వినబడింది. తర్వాత ఖుబ్జ్ అనే ఇక్కడి రొట్టెలు కాల్చే కొట్టు, దాని పొయ్యి సెగ కుడి చెంపకి తగిలింది. ఆ తర్వాత కాళ్ళ కింద కంకర. ఆ దారి నాకు తెలుసు. ఒకప్పుడు వాడితో అటు నడకకి వెళ్ళే రోజుల్లో, నేరు రోడ్డులో బిల్డింగ్ కడుతున్నప్పుడు, బెన్ తనంతట తను కనిపెట్టిన చుట్టుదారి అది. బిల్డింగ్ అయిపోయాక మళ్ళీ అటు వెళ్ళలేదు. నోవా ఒక్కసారి కూడా అటు అడుగు పెట్టలేదు.

కంకర మీద నడుస్తూ నెమ్మదిగా "బెన్?" అన్నాను.

బెన్ అని పిలిస్తే నోవా ఆగిపోతుందని చెప్పాను కదా. ఆగలేదు. నడుస్తూనే నా ఎడం తొడకి ఒళ్ళు రాసింది. పేరు పిలిస్తే బెన్ చేసే పని అది.

శాన్వి వాళ్ళ గేటు దగ్గర పిడి మళ్ళీ పైకి లేచింది. వంగి తల తడిమాను. నిక్కబొడుచుకున్న చెవులు. నోవాయే. మామూలుగా రొప్పుతోంది.

పైకెళ్ళి తలుపు కొట్టగానే శాన్వి వాళ్ళమ్మ, "ఎట్లొచ్చిన్రమ్మా? ఆ దిక్కు రోడ్డంత తవ్విపెట్టిన్రు గద. అడ్డం గూడ ఏం పెట్టలే. మీకు ఫోన్ జేద్దామనే అనుకుంటున్న," అంది. పైపులు మార్చడానికి నేరు రోడ్డులో మనిషి లోతు గొయ్యి తవ్వారట. లోపల్నుంచి శాన్వి అడిగింది, "టీచర్, ఒక్కదానివే వచ్చినవా?" ఒక్కదాన్నే అన్నాను. అన్నాక నాకే అనుమానమొచ్చింది.

ఆ పిల్ల ఆ రోజు గోడ తడుముకుంటూ వచ్చి, తనే నాకు కుర్చీ చూపించింది. వాళ్ళమ్మ ఎత్తుకోబోతే వద్దంది.

నోవాకి నేనే మలుపులు చెప్తూ ఆ చుట్టుదారినే తిరిగొచ్చేటప్పుడు, కొట్టు దగ్గర బషీర్ భాయ్ హిందీలో నవ్వుతూ చెప్పాడు. పొద్దున మీ కుక్క కొత్త పెళ్ళికూతురిలా తల దించుకుని నడిచింది, దేని తోకో వాసన చూస్తున్నట్టు, అని. దాని ముందు ఇంకో కుక్కేమైనా నడిచిందా అని అడిగాను. ఏమీ లేదన్నాడు.

మధ్యాహ్నం లక్ష్మి వాయిస్ మెసేజ్ వచ్చింది. నేనేం అడగలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు కూడా. దాని మాటలే చెప్తాను. "అమ్మగారూ, మీవాడు ఇయ్యాల నన్ను కంగారు పెట్టేశాడండి. పొద్దున్నే లేచి గోడ ఎంబడి నడవడం మొదలెట్టాడు. పిలిత్తే రాడు, అన్నం గిన్నె మోగించినా రాడు. గేటు కాడికెళ్ళి కూకుని, ఎవరో మెచ్చుకున్నట్టు తోక ఊపాడండి. అప్పుడొచ్చి తిన్నాడు." ఫోన్ చేసి ఏ వేళకి అని అడిగాను. మేడం పిల్లల బస్సు వెళ్ళిన తర్వాత అంది. నేను కోల్డ్ స్టోర్ దగ్గర నిలబడ్డదీ ఆ వేళప్పుడే.

బెన్ బాగానే ఉన్నాడు. ఇప్పటికీ బాగానే ఉన్నాడు, లావయ్యాడట. చచ్చిపోయి వచ్చాడని కథ అల్లుకోవద్దు.

నేనూ అన్నీ ఆలోచించాను. వాసన పట్టుకుని వెళ్ళిందా అంటే, బెన్ అటు నడిచి ఏళ్ళయింది, మధ్యలో వానలు కూడా పడ్డాయి. నా చేతికే పాత అలవాటు గుర్తొచ్చిందా అంటే, అలవాటుకి పిడి కిందికి దిగదు. తర్వాత ట్రెయినర్ వచ్చినప్పుడు, నేర్పని దారిన ఇది వెళ్తుందా అని మాటల్లో అడిగాను. వెళ్ళదన్నాడు. గొయ్యి దగ్గర ఆగడం వరకూ దాని చదువేనన్నాడు. పక్కింటావిడకి కొంచెం చెప్తే కుక్క మెడకి తాయెత్తు కట్టమంది. దాని మెడకి లైసెన్సు బిళ్ళ ఉంది, అది చాలన్నాను.

మీ మావయ్యకి మాత్రం ఆ రాత్రి భోజనాల దగ్గర ఒకటే చెప్పాను. ఒంటరిగా వెళ్ళాను, ఒంటరిగా వచ్చాను అని. వాడు కంచం పక్కకి జరిపి, "మోకాలు చూపించు," అన్నాడు. చూపించాను. కొత్త దెబ్బలేం లేవు. మళ్ళీ డ్రైవర్ ఊసెత్తలేదు.

నోవా ఇప్పుడు బాగా కుదురుకుంది. దాని నడక దానిదే, పరుగులాంటి నడక. నేనే దానికి తగ్గట్టు అడుగు మార్చుకున్నాను. దాన్ని బెన్ అని పిలవడం మానేశాను. పిడిలో ఆ కుంగు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ రోజు ఎలా వచ్చిందో నేను చెప్పలేను. చెప్పగలిగినవాళ్ళు ఇంతవరకూ నాకు దొరకలేదు.

సాయంత్రం పట్టీ విప్పి దాని వీపు నిమిరేటప్పుడు అడుగుతూ ఉంటాను. అది తోక ఊపుతుంది తప్ప ఏమీ చెప్పదు. ఆ రోజు నువ్వు నన్ను తీసుకెళ్ళావా నోవా, లేకపోతే నాలాగే నువ్వు కూడా వాడి వెనక నడిచావా?