ఏడుపు సీన్లకు పనికొచ్చిన ముక్కు

ఫిల్మ్‌నగర్‌లో హీరోయిన్లకు డబ్బింగ్ చెబుతాను. ఏటా చలి మొదలై, స్టూడియో దారిలో ఏడాకులపాల చెట్లు పూయగానే తుమ్ములొచ్చి ముక్కు దిబ్బడేస్తుంది. మా డబ్బింగ్ ఇంచార్జ్‌కి అదే పండగ. ఏడుపు సీన్లన్నీ ఆ రోజులకే అట్టేపెడతాడు.

ఈసారీ అంతే. "జర ఆగండి మేడం, సీన్లు అయినంక మందులేసుకోండి" అన్నాడు. ఆగాను. సీన్లు పూర్తయ్యేసరికి నుదురు, చెంపలు బరువెక్కి, వంగితే ప్రాణం పోయినంత నొప్పి. అలర్జీ వాపుకి ముక్కులో దారులు మూసుకుపోయి, లోపల నిలిచినదంతా చీము పట్టిందని, తుమ్ములప్పుడే రావాల్సిందని డాక్టర్ విసుక్కున్నారు.

సినిమా చూసి అమ్మ కళ్లు తుడుచుకుంది. "ఎంత బాధ పలికించావే!" అంది.

"బాధ కాదమ్మా, చీము" అన్నాను.