హద్దు అవతలి ఫిర్యాదు

మా ఏఎస్సై మేడం పోయారన్న కబురు నిన్న పొద్దున స్టేషన్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. గుండెపోటు. రిటైరయ్యాక సంగారెడ్డిలోనే ఉంటున్నారు. కబురు కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా పడ్డాయి. వాటి వెనకే బందోబస్తు డ్యూటీలు కూడా వచ్చాయి.

నేను కానిస్టేబుల్‌గా చేరిన కొత్తలో, ముంబై రోడ్డు మీది ఒక ఠాణాలో ఆమె కింద పనిచేశాను. ఫిర్యాదుతో వచ్చినవాళ్ళను ఆమె ముందు కూర్చోబెట్టేవారు. చెప్పింది రాసుకుని వాళ్ళకే చదివి వినిపించేవారు. “తప్పుంటే ఇప్పుడే చెప్పు, సంతకం పెట్టినంక కాదు” అనేవారు. మాతో మాటలు తక్కువ. టీ పూర్తిగా చల్లారాకే తాగేవారు.

ఒక మధ్యాహ్నం ఒకామె రొప్పుతూ వచ్చింది. “నా బిడ్డను మేస్త్రీ కార్ల ఎక్కించుకొని పోయిండు సార్. తోటిపిల్లలు సూసిన్రు. ఫోన్ బంద్ వస్తున్నది.”

పిల్లకు పదహారేళ్ళు. బొల్లారంలో డబ్బాలు కట్టే షెడ్డులో తల్లితో పాటే పని. బల్ల దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్ తల ఎత్తకుండానే, “బొల్లారం మన లిమిట్స్ కాదమ్మా, గక్కడి ఠాణాకు పో” అన్నాడు.

“నేను గక్కడికి పోయేసరికి వాడు ఇంకెంత దూరం తీస్కపోతడో సార్!”

మేడం లేచి వచ్చి ఆమెకు కుర్చీ లాగారు. “హద్దులు మన ఠాణాలకు. ఆమె బిడ్డకు కాదు” అన్నారు హెడ్ వైపు చూసి.

తీవ్రమైన నేరం జరిగిందని ఎవరైనా వచ్చి చెబితే కేసు రాయడం పోలీసుల ఇష్టం కాదు, విధి. జరిగిన చోటు వేరే ఠాణాదైతే జీరో ఎఫ్ఐఆర్ కట్టి, తర్వాత అక్కడికి పంపాలి. ట్రైనింగులో మా అందరికీ చెప్పిన సంగతే. కానీ షెడ్డుల్లో కూలీలను పెట్టే ఆ మేస్త్రీకి పలుకుబడి ఉంది. ఇన్‌స్పెక్టర్ బందోబస్తులో ఉన్నారు, ఠాణా బాధ్యత ఆ పూట మేడందే. హెడ్ బయటికి వెళ్ళి ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్‌లో చెప్పినట్టున్నాడు, మేడం ఫోన్ మోగింది. ఇటు మాటలే నాకు వినిపించాయి.

“మైనర్ పిల్ల సార్... రేపటిదాంక ఎట్ల ఆగుతం? అబద్ధమైతే విచారణల తేలుతది. రాయకుంటే విచారణే ఉండదు కద సార్.”

రాశారు. చదివి వినిపించారు. “ఇది నీదే, పెట్టుకో” అని తల్లి చేతికి కాపీ ఇచ్చారు. కారు వివరాలు వైర్‌లెస్‌లో అన్ని ఠాణాలకూ చెప్పారు. జహీరాబాద్ దాటుతుండగా అక్కడి పోలీసులు కారు ఆపారు. పిల్ల వెనక సీట్లో ఉంది. పెద్ద కంపెనీలో పని ఇప్పిస్తానని నమ్మించాడట. మేస్త్రీ జైలుకు వెళ్ళాడు.

కొన్నాళ్ళకు మేడంను సంగారెడ్డి కోర్టు డ్యూటీకి మార్చారు. కారణం ఎవరూ చెప్పలేదు. బాధగా లేదా మేడం అని ఒకసారి అడిగాను.

“కోర్టుల ఫ్యాన్ మంచిగ తిరుగుతది” అన్నారు.

మా పరిధి కాదన్న మాట ఇప్పటికీ నా నోటికి రాదు. అది ఆమె చలవే.

ఆమెను తలుచుకుంటే నాకు పిల్లను ఠాణాకు తెచ్చిన ఆ సాయంత్రమే కనిపిస్తుంది. జీపు దిగిన పిల్ల ఏడవలేదు. బెంచీ మీద తల్లి ఒడిలో తల పెట్టుకుని అలాగే నిద్రపోయింది. మేడం వైర్‌లెస్ సెట్టు శబ్దం తగ్గించి, వెళ్ళి గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రాబోయిన ప్రతివాళ్ళనూ చేత్తో ఆపి, పెదవుల మీద వేలు పెట్టి చూపించారు.